బోర్డు మీది పని

ఫ్యాక్టరీ గేటు ముందు ఆడవాళ్ల మీద లాఠీలు పడుతుంటే రంగులాయన నిచ్చెన మీద ఉన్నాడు. నిన్న రాసిన బోర్డుకి రెండో పూత వేస్తున్నాడు. కింద పడినవాళ్లలో తన అక్క ఉందని ఆమె గొంతు వినబడ్డాకే గుర్తుపట్టాడు.

"బోర్డు చదివే వచ్చామయ్యా! పంపులు చేస్తున్నామని మీరే రాసుకున్నారు కదా, మా పేటకో రెండియ్యమంటే కొడతారా?"

ఒకప్పుడు ఆ షెడ్డులో నీళ్లు తోడే పంపులే తయారయ్యేవి. రక్షణ బడ్జెట్ రెండింతలై, మంచినీళ్ల పద్దు సగానికి తెగిన ఏడాది పంపుల అచ్చులు మూలపడ్డాయి. వాటి చోట అణుబాంబుల తొడుగులు పోత పోస్తున్నారు. దేశమేమో అలాంటివి చేయబోమని ప్రపంచం ముందు సంతకం పెట్టి కూర్చుంది! ఆ సంతకం నిజమో కాదో చూడడానికి బయటి నుంచి తనిఖీ బృందం వస్తోంది. అందుకే మేనేజరు రంగులాయన్ని పిలిచి, "నీళ్ల పంపుల విభాగం అని రాయవోయ్. రోడ్డు మీదికి కనిపించాలి," అన్నాడు. అబద్ధమని తెలిసీ రాశాడు. కుళాయి తిప్పితే గాలి తప్ప చుక్క రాని పేటకంతా ఆ అక్షరాలు కనిపించాయి.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో అక్క విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నీ దస్తూరీ చూసి నేనే అందర్నీ బయల్దేరదీశానురా. మా తమ్ముడు రాశాడు, ఇంక గట్టెక్కినట్టే అన్నాను. పక్కింటావిడకి తల పగిలింది. ఆవిడకేం చెప్పమంటావు?"

అక్క తిట్టిపోసినా బాగుండేది. ఆమె నమ్మకమే రంగులాయన్ని నిలువునా కోసింది.

మర్నాడు తనిఖీవాళ్లు వచ్చే రోజు. పని మొదలుకాకముందే షెడ్డులో బల్లెక్కాడు.

"ఆ ఆడవాళ్లని కొట్టించింది నేను. నా రాతే."

"నువ్వు రాశావు, మేం పోశాం," అన్నాడు పోతమేస్త్రీ. "ఆ పాపం నువ్వొక్కడివే మోసుకుంటావేంటి?"

"దేశానికి రక్షణ అక్కర్లేదా?" క్రేన్ డ్రైవరు లేచాడు. "పని పోతే నా పిల్లలకి మీరు పెడతారా తిండి?"

"నిన్న దెబ్బలు తిన్నది శత్రుసైన్యమట్రా?" అన్నాడు మేస్త్రీ. "మనం ఒకటి పోస్తే పక్క దేశంలో మనలాంటోళ్ల చేత రెండు పోయిస్తారు. అది చూపించి మన చేత నాలుగు. వాళ్ల కుళాయిల్లోనూ గాలే వస్తుంటుంది."

"అయితే ఏం చేద్దామంటావు? బోర్డు మీద రాసినట్టు పంపులు చేద్దామా ఏంటి?" అని వెటకారం చేశాడు డ్రైవరు.

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ రంగులాయన వైపు చూశాడు.

"చేద్దాం," అన్నాడు మేస్త్రీ.

తనిఖీ కార్లు గేటు దాటేసరికి షెడ్డు షెడ్డంతా కదిలింది. బయటివాళ్ల ముందు పంపులు చేయొద్దని మేనేజరు ఎలా అరుస్తాడు? మూలనున్న పాత అచ్చులు మధ్యకొచ్చాయి. వెనక గదిలో దాచిన తొడుగులు ఒక్కొక్కటే ఆరుబయటికి పోయాయి. వెటకారం చేసిన డ్రైవరే వాటిని క్రేన్‌తో ఎత్తి పెట్టాడు, దిగితే ఒట్టు.

"ఇవేమిటి?" అని ఆగాడు తనిఖీ అధికారి.

రంగులాయన ముందుకొచ్చాడు. "ఇది పంపుల విభాగం సార్. ఇవి ఇక్కడివి కావు. అందుకే బయట పెట్టాం."

మేనేజరు ముఖాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

కార్లు వెళ్లగానే పోలీసు వ్యాను వచ్చింది. దేశద్రోహమట! రంగులాయన్ని బయటికి లాక్కొచ్చారు. గేటు బయట అక్క, పేట ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు.

"ఏరా, ఇప్పుడైనా నిజంగా పంపులు చేస్తున్నారా?"

అవునంటే ఆమె మళ్లీ నమ్మేస్తుంది. అదే అతనికి భయం.

"ఇంకా ఒక్కటీ చేయలేదక్కా. అచ్చులెక్కించాం, అంతే. నా మాట నమ్మొద్దు. నువ్వే లోపలికెళ్లి చూడు."

వ్యాను తలుపు పడింది. అక్క మంచి చేత్తో గేటు తోసింది. కాపలావాడు లాఠీ ఎత్తాడు. అంతలో గేటు లోపలి నుంచే తెరుచుకుంది. తెరిచింది క్రేన్ డ్రైవరు, అతని వెనక షెడ్డంతా.

"రండమ్మా," అన్నాడు. "దగ్గరుండి చేయించుకోండి."