దండ పడిన ఫోటో

రోహిణికి స్వీడిష్ భాష ఒక్క ముక్క రాదు. మాదాపూర్‌లోని కొత్త గాజు భవనంలో కూర్చుని, తెర మీద కనిపించే చేతిరాతను అక్షరం వెంట అక్షరం కంప్యూటర్‌లోకి ఎక్కించడమే ఆమె పని. అవన్నీ బ్రిట్టా హోల్మ్‌క్విస్ట్ అనే స్కీ క్రీడాకారిణికి స్వీడన్ అభిమానులు రాసిన ఉత్తరాలు. మంచు మీద ముప్పై కిలోమీటర్ల పందెంలో ఆమె రెండుసార్లు బంగారు పతకం గెలిచిన కాలంలో రోజుకు నాలుగు వందలు వచ్చేవట. మోకాలు దెబ్బతిని పదిహేడో స్థానానికి జారాక నలభైకి పడిపోయాయి.

"ఇంకా తగ్గితే ఆరుగురిలో ఇద్దర్నే ఉంచుతామమ్మా," అని మేనేజరు నరసింహమూర్తి ముందే చెప్పాడు. అందరికన్నా ఆఖరున చేరింది రోహిణి. ఆ కుర్చీ పోతే లింగంపల్లిలో మళ్లీ వదినల వంటింట్లోకే.

తొంభై తొమ్మిది అక్టోబరు పద్దెనిమిది, దసరాకు ముందురోజు ఆఫీసులో ఆయుధపూజ. కంప్యూటర్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టారు. గోడమీది బ్రిట్టా ఫోటో చూసి రోహిణి ఉలిక్కిపడింది. నుదుట బొట్టు, మెడ చుట్టూ బంతిపూల దండ.

"అంజమ్మా, ఏంది గిది? బతికున్నామెకు దండేస్తరా?"

ఊడ్చే అంజమ్మ నాలుక కరుచుకుంది. "నాకేమెరుక బిడ్డా! సుట్టూ అంత తెల్లగుంటే సచ్చిపోయినామె అనుకున్న. తీసేయనా?"

అప్పటికే గంట మోగుతోంది. పూజ మధ్యలో దండ తీస్తే అశుభం. "ఇగ ఉండనియ్యి, సాయంత్రం తీద్దాం," అంది రోహిణి. సరిగ్గా పదకొండుకు హారతి ఇచ్చారు. కళ్లు మూసుకుని ఆమె కోరింది ఒక్కటే: ఉత్తరాలు పెరగాలి.

వారం తిరిగేసరికి పెరిగాయి. రోజుకు మూడు వందలు. తరువాత ఏడు వందలు. నరసింహమూర్తి మిఠాయి పంచాడు. "మళ్లీ గెలిచినట్టుందండీ ఆవిడ! ఇంకో ఇద్దర్ని తీసుకోవాలి."

ప్రతి ఉత్తరం చివరా అవే మూడు మాటలు: విలా ఇ ఫ్రీద్. పిల్లల వంకర రాతలోనూ, వణికే ముసలి చేతుల రాతలోనూ అవే.

"సార్, జర ఉత్తరాలు పంపే స్వీడన్ వాళ్లనడుగుతరా, గీ మాటకు అర్థమేందో?"

మర్నాడు జవాబు వచ్చింది. నరసింహమూర్తి కాగితం చూస్తూ మెల్లగా చదివాడు. "శాంతితో విశ్రమించు అనటమ్మా. పద్దెనిమిదో తారీఖు పొద్దున్న ఏడున్నరకి, రోడ్డు మీద సాధన చేస్తూ గుండె ఆగిపోయిందట. మనకి తెలుసనుకున్నారట." వేళ్ల మీద లెక్క వేశాడు. "అక్కడ ఏడున్నరంటే, మనకి పదకొండు."

గోడమీది బ్రిట్టా నవ్వుతూనే ఉంది. ఏసీ చప్పుడు మంచు మీద ఎవరో జారిపోతున్నట్టు వినిపించింది.

"కానివ్వండమ్మా, ఇవాళ తొమ్మిది వందలున్నాయి," అన్నాడు నరసింహమూర్తి కాగితం మడుస్తూ. "రోహిణీ, నిన్ను పర్మనెంట్ చేస్తున్నాం."

ఒకే ఉత్తరాన్ని ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు. రెండూ కలవకపోతే తెర మీద ఎర్ర గీత పడుతుంది. రోజుకు మూడు ఎర్ర గీతలు పడితే ఉద్యోగం పోతుంది. రోహిణి జోడీ గోడకు ఆవలి గదిలో కూర్చునే భానుశ్రీ.

మొదటి ఉత్తరం చివరికి వచ్చింది. ఆ మూడు మాటలు కొట్టడానికి రోహిణికి చేతులాడలేదు. వాటిని వదిలేసి మీట నొక్కి, ఎర్ర గీత కోసం చూసింది.

పడలేదు.

రెండో ఉత్తరంలోనూ వదిలేసింది. మూడోదాంట్లోనూ. గీత పడలేదు. గోడకు ఆవల భానుశ్రీ కీబోర్డు చప్పుడు, రోహిణిది ఆగినచోటల్లా ఆగుతోంది.