మా ఆయన బొటనవేలు

మా ఆయన బ్యాంకు గార్డు. ఇన్నాళ్లూ పాత రివాల్వరుతో నెట్టుకొచ్చారు. దానికి మీటలూ గీటలూ లేవు, నొక్కితే పేలేది. ఈమధ్య ఆయన్ని పనిలో పెట్టిన సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు కొత్త పిస్టళ్లు తెప్పించారు. పక్కన చిన్న మీట, సేఫ్టీ అట. బొటనవేలితో కిందికి దించితేనే పేలుతుంది, పని కాగానే పైకి ఎత్తాలి. వాటితో పెట్టిన కాల్పుల పరీక్షలో ఈయన రెండుసార్లు తప్పారు. మొదటిసారి దించడం మరిచి ట్రిగ్గరుతో కుస్తీ పట్టారు. రెండోసారి ఎత్తడం మరిచి అలాగే ఒరలో దోపేశారు. ఇంకోసారి తప్పితే ఉద్యోగం ఊడుతుంది.

గ్యాసు కట్టేయడమే గుర్తుండని మనిషికి ఇదొకటా అని ఒళ్లు మండింది. అయినా ఇల్లు గడవాలి కదా! డమ్మీ పిస్టలు ఆయన చేతిలో పెట్టి, కూరగాయలు తరుగుతూ "దించండి!", బట్టలు ఆరేస్తూ "ఎత్తండి!" అని అరిచాను. నా గొంతు బొంగురుపోయింది గానీ ఆ వేలు దారికొచ్చింది. ఆఖరికి కునుకులో ఉన్నా నా కేకకి కదిలేది.

పరీక్ష నాడు నేనూ వెళ్లి కంచె అవతల నిలబడ్డాను. "ఫైర్!" అన్నాడు శిక్షకుడు. అందరివీ పేలాయి, మా ఆయనది తప్ప. ఉండబట్టలేక "దించండి!" అని కేకేశాను. ఢామ్! "ఎత్తండి!" ఎత్తేశారు.

"ఎవరావిడ?" అన్నాడు శిక్షకుడు.

"మా ఆవిడండీ."

బయటివాళ్లు అరవకూడదని నియమాల్లో లేదట, పాస్ చేసేశాడు.

సంగతి తెలిసి బ్యాంకు మేనేజరు నన్ను పిలిపించాడు. "మీరూ రోజూ వచ్చి తలుపు దగ్గర కూర్చోండమ్మా, మాకు ధైర్యం."

"మరి జీతం?"

"ఊరికే కూర్చోడానికి జీతమేంటమ్మా!" అని నవ్వాడు. మా ఆయనా నవ్వారు. అది చూసి నాకు ఇంకా కాలింది.

మర్నాడు డబ్బు బండి వచ్చింది. గార్డు పిస్టలు తీసి సేఫ్టీ దించితేగానీ బండి తలుపు తెరవకూడదు. ఈయన నావంక చూశారు. మేనేజరూ చూశాడు. నేను తలుపు దగ్గర కూర్చుని స్వెటరు అల్లుకుంటున్నాను.

"అనండమ్మా!"

"నేను ఊరికే కూర్చున్నాను కదండీ."

లోపల డబ్బు కోసం కాచుకున్న జనం గొడవ పెట్టారు. కాసేపటికి మేనేజరు చెమటలు కక్కుతూ నియామకపత్రం తెచ్చాడు. జీతం మా ఆయనకెంతో నాకూ అంతే. పాపం, ఆయన బొటనవేలు మీట మీదే ఉంది.

"ఆయనకన్నా కాస్త ఎక్కువ వేయండి" అన్నాను.

వేశాడు. సంతకం పెట్టి, అల్లిక పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాను.

"దించండి!"