పాదులో అనప

ఎండ నడినెత్తికొచ్చినా కెంపమ్మ చేతిలో పార ఆగలేదు. మామిడిచెట్టు చుట్టూ పాదు తవ్వుతూనే, మాటిమాటికీ పక్క పాదులోని అనపచిక్కుడు మొక్కల వైపు చూస్తోంది. విత్తి రెండు నెలలైనా అవి జానెడు మించలేదు. ఆకులు మాత్రం నల్లగా, దళసరిగా ఉన్నాయి.

తోట శ్రీరంగప్పది. మూడేళ్ల కాపు గుత్తకు తీసుకున్నది జయప్రకాశ్. కాపలా కెంపమ్మది. కాపలాకు కూలి లేదు, చెట్ల కింద ఏం పండించుకుంటే అదే కూలి. ఈ ఆచారం పెట్టినవాడెవడో గానీ ఒక్కనాడూ కాపలా కాసి ఉండడు. తవ్వి తడిపిన నేల ఊరికే పోతుందెందుకని ఆమె పాదుల్లోనే అనప విత్తింది. ఎదగకపోతే విత్తనం నాసిరకమనుకుంది. దిష్టి అనుకుని గుమ్మడికాయ కూడా కొట్టింది.

జయప్రకాశ్ బకెట్లో మందు కలుపుతున్నాడు.

"పోయినేడు పోసినాము గదప్పా, మళ్లా ఎందుకు?" అంది కెంపమ్మ.

"చెట్టులో పెరగమని చెప్పే హార్మోనొకటి పుడతాదమ్మా. ఈ మందు వేర్లలో దూరి దాన్ని పుట్టనీదు. పెరిగేది నిలిస్తే పూతకొస్తాది. ఈసారి రెండింతలు పొయ్యల్ల. నా గుత్తకి ఇదే ఆఖరేడు."

"పోయినేడుది మట్టిలోనే ఉంటాదా?"

"అంత సులభంగా పోదు." సరుకు నాణ్యం చెబుతున్నట్టు చెప్పాడతను.

"అయితే నా అనపని నిలిపేసింది గూడా ఇదేనా?"

జయప్రకాశ్ నవ్వాడు. "ఇది మామిడి, ఇది అనప అని మందుకి యాడ తెలుస్తాది? నిన్నెవరు పాదులో విత్తమనింది?"

కెంపమ్మకు ఒళ్లు మండింది. పోసింది తన చేత్తోనే. సంతకు పోవాల్సిన కాయ, ఇంట్లో ఉడకాల్సిన గింజ, ఏడాది కాపలా అంతా ఆ జానెడు మొక్కల్లో నిలిచిపోయింది. రేపు ఇతను పోతాడు, మందు ఉంటుంది.

"నేను పొయ్యనప్పా."

"నువ్వు గాకుంటే లక్ష్మక్క పోస్తాది. కాపలాకి గూడా మనుషులు దొరుకుతారు."

పక్క వరసలో పాదు తవ్వుతున్న లక్ష్మక్క తలెత్తింది. ఆమె కూడా కూలికొచ్చిన మనిషే.

కెంపమ్మ పార వదిలి, అనపమొక్కల మధ్య పాదులో కూర్చుంది. భయమేసింది, అయినా లేవలేదు.

"పొయ్యాలంటే నా మీదనే పొయ్యండి."

జయప్రకాశ్ చెంబు ముంచి లక్ష్మక్క చేతికిచ్చాడు. ఆమె పాదు గట్టుదాకా వచ్చి, నిండు చెంబుతో అట్లే నిలబడిపోయింది.