కొమ్మకు పుట్టిన వేరు

సూర్యకళ సంచి సర్దుతోంది. అడుగున చీరలు, పైన ఆవకాయ సీసా. ఒక పక్క మాత్రం తడిగోనె ముక్క పరిచి ఖాళీ ఉంచింది. ఆ చోటు అమ్మ జామకొమ్మది.

అమ్మ పోయాక కడియపులంకలోని దొడ్డి అమ్మేశారు. దీపావళి దాటాక చెట్టు కొట్టేస్తామన్నారు కొన్నవాళ్లు. సూర్యకళ మొగుడు కర్ణాటకలో గంగావతి దగ్గర, మనవైపు రైతులు వలసెళ్లి ఉంటున్న క్యాంపులో పొలం కౌలుకు తీసుకున్నాడు. అమ్మ చెట్టు అక్కడ తన గుమ్మం ముందుండాలని ఆమె పంతం. బావ గంగరాజు నర్సరీలో అంట్లు కడతాడు. నెల కిందటే ఒక కొమ్మకి ఉంగరంలా బెరడు ఒలిచి, తడినాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టాడు.

తీరా కోయబోతే నాచులో ఒక్క వేరూ లేదు.

"ఆకులేవే?" అన్నాడు గంగరాజు.

అక్క శ్యామలాంబ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేనే దూసేశానండి. నీళ్లు తాగేస్తాయని మీరూ తుంచుతారు కదా!"

"అది వేరొచ్చి, కొమ్మ కోశాక. వంటమనిషిని వెళ్లగొట్టి వడ్డించమన్నట్టుంది నీ పని!"

"పోనీలెండి బావగారూ, అక్క వంట తినే మీకు అదో లెక్కా?" సూర్యకళ నవ్వింది. "ఇంకోటి కట్టండి. దసరాకొచ్చి పట్టుకెళ్తాను. అక్కా, ఈసారి ముట్టుకోకే."

తడిగోనె తీసి అక్క చేతిలో పెట్టి బస్సెక్కింది.

రెండో కొమ్మ దగ్గరికి శ్యామలాంబ రోజూ వెళ్లేది. చుట్టూ బెరడు లేదు, అయినా ఆకు వాడదేం?

"నీళ్లు లోపలి కట్టెలోంచి ఎక్కుతాయే. ఎండలో ఆకు వండిందంతా బెరడులోంచి దిగుతుంది. మనం బెరడు ఒలిచిన చోట ఆగిపోయి అక్కడే వేరు తన్నుతుంది," అన్నాడు గంగరాజు.

ఆమె తలెత్తి చూసింది. మోటారు లేకుండా అంతెత్తుకి నీళ్లు. పొగలేని వంట, ఆకు ఆకునా. ఇన్నేళ్లూ ఆ చెట్టు కాయలే తింది, ఇదెప్పుడూ తలుచుకోలేదు.

ఓ పొద్దున ప్లాస్టిక్ వెనక సేమ్యా పోగుల్లా తెల్లగా కనిపించాయి. మన్ను ఎరగని వేర్లు, తన భుజమెత్తున, గాలిలో! చేతులు జోడించబోయి, ఎవరైనా చూస్తారేమోనని చుట్టూ చూసి, అయినా జోడించింది.

గంగరాజు కొమ్మ కోసి, సగం ఆకులు తుంచి, తొట్టిలో నాటాడు. దసరాకి ఫోనొచ్చింది. పొలం పని, కదల్లేనంది సూర్యకళ. చెట్టు కొట్టేశారు. తొట్టిలో చిగుళ్లొచ్చాయి. మరుసటి వానలకి తెల్లటి పువ్వులు విచ్చాయి. తేనెటీగలు వాలి వెళ్లిన చోట పిందెలు దిగాయి, లోపల గింజలతో సహా. శ్యామలాంబ ఆ గోనెముక్క తొట్టి కింద పరిచే ఉంచింది.

సూర్యకళ మళ్లీ రాలేదు. ఆ తర్వాతి ఫిబ్రవరిలో, రెండువేల రెండులో, క్యాంపులోనే, జ్వరంతో పోయింది.