బాపురావు గట్టు

మా ఆయన కారుకి ఎడమవైపు ముందు చక్రం దగ్గర ఏ సామానూ ఒక పంటకాలం నిండా బతకదు. షాకప్ పోతుంది. అది మారిస్తే లింక్ రాడ్ పోతుంది. అదీ మారిస్తే లోయర్ ఆర్మ్ వంగుతుంది. ఈలోగా కొత్త షాకప్ నూనె కక్కడం మొదలుపెడుతుంది. కారు వస్తుంటే ఇత్తడి బిందెలు మెట్ల మీద దొర్లినట్టు చప్పుడు. కోస్తా రైతులం వచ్చి స్థిరపడ్డ మా క్యాంపులో పిల్లలు ఆ చప్పుడు వినగానే "రామకోటేశ్వరరావు తాతయ్యొస్తున్నాడ్రోయ్" అని క్రికెట్ ఆపి పక్కకి తప్పుకుంటారు.

బోధన్‌లో మెకానిక్ విష్ణు పాపం మంచివాడు. మొదట డూప్లికేట్ సామాను అంటగట్టారని దుకాణం వాళ్ళతో తగువు పెట్టుకున్నాడు. ఒరిజినల్ తెప్పించి వేశాడు. అదీ పోయేసరికి తన పని మీద తనకే అనుమానం పుట్టి, ముందు బంపర్‌కి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. "నాతోని అయితలేదు సార్. గీ బండికి ఎవల్దో నజర్ తాకింది" అన్నాడు. అక్కడ లాభం లేదని నిజామాబాద్ తీసుకెళ్తే, ఒక పెద్ద షెడ్డులో ఇంజనీరు కింద దూరి చూసి, పైకొచ్చి చేతులు తుడుచుకుంటూ, "సార్, దీంతోని పొలం దున్నుతున్నరా?" అని అడిగాడు. మా ఆయన మొహం మాడ్చుకుని, "మీ రోడ్లు అలా తగలడ్డాయి" అన్నాడు.

రోడ్లకేం రోగం? రోగం ఎక్కడుందో నాకు బాగా తెలుసు. ప్రతిసారీ పక్క సీట్లో కూర్చుని నెత్తి టాపుకేసి కొట్టుకునేది నేనే మరి.

బోధన్ నుంచి మా క్యాంపుకి వచ్చే దారిలో బాపురావు ఊరుంది. రోడ్డు ఆయన ఇంటి ముందు నుంచే. వానాకాలం వడ్లు రాగానే అందరిలాగే ఆయనా సగం రోడ్డు మీద ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చాడు. మిగిలిన సగంలో బండ్లు పోతూనే ఉన్నాయి. మా ఆయనకి మాత్రం ఆ సగం చాల్లేదు. వడ్ల మీదుగా పోనిచ్చాడు. బాపురావు అడ్డం వచ్చి ఆపాడు.

"రోడ్డేమన్నా మీ బాబుదా?" అన్నాడు మా ఆయన.

"నీ అయ్యదా మరి? గీడ గాకపోతే నీ నెత్తి మీద ఆరవోయాల్నా?" అన్నాడు బాపురావు.

అంతే. పక్క వారానికల్లా బాపురావు సిమెంటు తెచ్చి, తన ఇంటి ముందు అడ్డంగా స్పీడ్ బ్రేకర్ కట్టించాడు. పేరుకే స్పీడ్ బ్రేకర్. పొలం గట్టుని ఎత్తుకొచ్చి రోడ్డు మీద పడుకోబెట్టాడు. బస్సులు ఆగి ఎక్కుతాయి. చెరుకు ట్రాక్టర్లు మూలుగుతూ ఎక్కుతాయి. పెళ్ళి కార్లలోంచి పెళ్ళికూతుళ్ళు దిగి నడిచి అవతల ఎక్కుతారు. ఒక్క మా ఆయన మాత్రం బ్రేకు మీద కాలు పెట్టడు.

మొదటిరోజు పెట్టబోయాడు, నేను చూశాను. ఇంతలో అరుగు మీద మంచం వేసుకుని మీసం దువ్వుకుంటున్న బాపురావు కనిపించాడు. కాలు వెనక్కి తీశాడు. కారు గాల్లోకి లేచి పడింది. నా నడుం కలుక్కుమంది.

"బ్రేకెయ్యడానికేం మాయరోగం?" అని అరిచాను.

"నేను బ్రేకేస్తే వాడు గెలిచినట్టు. నీకు తెలీదు సుధా, ఇది పరువుకి సంబంధించింది."

పరువట! ఆ పరువు కోసం వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కారు ఎగరడం, అరుగు మీంచి బాపురావు "శెభాష్ రావుసాబ్! ఇంకో షాకప్!" అని చప్పట్లు కొట్టడం. ఇంటికొచ్చాక మా ఆయన కారు చుట్టూ తిరిగి కింద కారిన నూనె చూసి, "కంపెనీ వాళ్ళు దొంగలు" అనడం. ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. ఇద్దరికీ మనవలున్నారు. సిగ్గు మాత్రం లేదు.

చివరికి కారుకంటే ముందు నా నడుం పోయింది. డిస్కు జారి నరం మీద కూర్చుంది. కుడికాలు మొద్దుబారి, స్నానానికి కూడా పట్టుకుని తీసుకెళ్ళాల్సిన స్థితి. నిజామాబాద్‌లో డాక్టరు ఫోటోలు చూసి, "బండి మీద గుంతల్లో ఎక్కువ తిరుగుతారా అమ్మా?" అని అడిగాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్యాన్ వైపు చూశాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపే ముందురోజు డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పాడు. కుట్లు ఆరేదాకా కుదుపు తగలకూడదు. ఒక్క పెద్ద కుదుపు తగిలినా మళ్ళీ కోయాల్సిందే, అప్పుడు కాలు తిరిగి వస్తుందని తను మాటివ్వలేనన్నాడు. మా ఆయన బుద్ధిమంతుడిలా తలాడించాడు. ఆయన తలాడించడానికేం, అందరికీ ఆడిస్తాడు.

ఆ సాయంత్రమే బాపురావు భార్య అంజవ్వ నన్ను చూడ్డానికి వచ్చింది. మగవాళ్ళ తగువుతో మాకేం పని? ఆమె చేలో పసుపు మా ఇంటికొస్తుంది, మా ఆవకాయ ఆమె ఇంటికి పోతుంది. మా ఆయన టీ తాగడానికి కిందికి వెళ్ళినప్పుడు బత్తాయిలు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. డాక్టరు చెప్పిందంతా చెప్పాను.

"మా ఇంటి ముంగట బిరేకు ఏస్తడా మీ ఆయన?" అంది.

"నీ మొగుడు చూస్తుండగానా? చస్తే వెయ్యడు."

ఆమె బత్తాయి ఒలిచి నా నోట్లో పెట్టింది.

ఇంటికెళ్ళే రోజు అంబులెన్స్ పిలవమన్నాను. మా ఆయనకి కోపమొచ్చింది. "సొంత కారుండగా అంబులెన్స్‌లో దిగితే క్యాంపులో ఏమనుకుంటారు? నాలుగు చక్రాలకీ కొత్త సామాను వేయించా. పువ్వులా తీసుకెళ్తా." ఇంకో దారి కాలువ గట్టు మీద ఉంది గానీ, చెరుకు ట్రాక్టర్లు దాన్ని గోతులు చేసిపెట్టాయి. కాబట్టి బాపురావు గట్టు దాటాల్సిందే. నర్సులు నన్ను వెనక సీట్లో దిండ్ల మధ్య వెల్లకిలా పడుకోబెట్టారు.

పడుకుంటే కారు టాపు, కిటికీ పైభాగంలో కరెంటు తీగలు, అప్పుడప్పుడు చెరుకు లోడు కొసలు. ఇంకేం కనపడవు. జానకంపేట దాటామని రైలు కూతని బట్టి తెలిసింది. బోధన్ వచ్చిందని ఆటోల గోలని బట్టి తెలిసింది. ఆయన మామూలుగానే తోలుతున్నాడు, నింపాదిగా ఏమీ కాదు. "గట్టు దగ్గర నెమ్మదిగా పోనివ్వండి" అని ఒక్కమాట అంటే సరిపోతుంది. అనలేదు. అడిగి వేయించుకునే బ్రేకు నాకెందుకు? ముప్పయ్యేళ్ళు కాపురం చేశాను. నా నడుం ఎక్కువో, బాపురావు ముందు తన పరువు ఎక్కువో ఆయనకే తెలియాలి. తెలియకపోతే కాలు పోనీ, పీడా పోతుంది అనుకున్నాను.

గిర్నీ చప్పుడు వినిపించింది. బాపురావు ఊళ్ళో పిండి పట్టే గిర్నీ అది. దాని తర్వాత మలుపు, మలుపు తర్వాత బాపురావు ఇల్లు. దిండు రెండు చేతుల్తో పట్టుకుని పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాను.

ఇంజన్ చప్పుడు తగ్గింది. ఇంకా తగ్గింది. గేరు మారింది, మళ్ళీ మారింది. కారు పాకుతున్నట్టు పోతోంది. చక్రాల కింద ఇసుక నలుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. ఇప్పుడు ఎక్కుతుంది, ఇప్పుడు ఎక్కుతుంది అని చూస్తున్నాను. ఎక్కలేదు. కారు అలాగే సాఫుగా పోయి ఆగింది. కళ్ళు తెరిచాను.

"నీ గట్టేదయ్యా?" అన్నాడు మా ఆయన. గొంతులో ఏదో మోసం జరిగినట్టు కోపం.

"గట్టా? తవ్వేసిన" అంది బాపురావు గొంతు.

"ఎవడు తవ్వమన్నాడు?"

"ఎవడో అనుడేంది? నా గట్టు, నా ఇష్టం. నల్లా పైపు ఏసుకుందామని తవ్విన. నీ కోసం తవ్విననుకుంటున్నవా ఏంది?" బాపురావు ఆగి అందుకున్నాడు. "గని, నువ్వేంది రావుసాబ్, గింత మెల్లగొచ్చినవ్? బిరేకు తొక్కినవ్ గదా!"

"కుక్క అడ్డమొచ్చింది."

"కుక్కనా? యాడ?"

"పోయింది."

"నేను పొద్దుగాల్ల సంది గీడనే కూసున్న. ఏ కుక్క రాలే."

"వచ్చిందంటే వచ్చింది! నీ గట్టుకి భయపడి ఆపాననుకుంటున్నావా?"

కిటికీలోంచి అంజవ్వ మొహం తలకిందులుగా కనిపించింది. "ఏం పైపో, ఏం కుక్కనో! సుధక్కా, పొద్దు వొడవకముందే గడ్డపార వట్టిండు మా ఆయినె. చేతులు జూడాలె, పొక్కులే పొక్కులు" అని గుసగుసగా చెప్పి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి, "అబ్బా" అన్నాను. బయట ఇద్దరి గొంతులూ టక్కున ఆగిపోయాయి.

"ఏమైంది చెల్లె?" అన్నాడు బాపురావు, అప్పటిదాకా అరిచిన గొంతేనా అనిపించేలా. "మెల్లగ తీస్కపో రావుసాబ్. ముంగట మోరీ కాడ గుంత ఉన్నది, కుడి పక్కకెల్లి పో."

మా ఆయన "నాకు తెలుసులే" అన్నాడు. కానీ ఆ కల్వర్టు దగ్గర కుడివైపు నుంచే పోనిచ్చాడు.

ఊరు దాటాక కూడా కారు నడిచే మనిషికంటే మెల్లగానే పోతోంది. వెనక చెరుకు ట్రాక్టరు హారన్ మీద హారన్ కొడుతోంది. మామూలుగా అయితే మా ఆయన దిగి వాడి వంశం మొత్తాన్ని పలకరించేవాడు. ఇవాళ పక్కకి జరిగి దారిచ్చాడు. నేనైతే ఊరుకోలేకపోయాను.

"ఏవండీ."

"ఊఁ."

"ఆ కుక్క నల్లదా, ఎర్రదా?"

ఎదురుగా ఎవరూ లేకపోయినా ఓ హారన్ కొట్టాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"ఏమో, రోడ్డు చూళ్ళేదు" అన్నాడు. "అద్దంలో నిన్ను చూస్తున్నా. కళ్ళు గట్టిగా మూసేసుకున్నావు. నేనంటే అంత భయమా సుధా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. టాపు కనపడకుండా పోయింది.

"ముందు రోడ్డు చూసి తోలండి మహానుభావా" అన్నాను.