దుప్పటి కింద సంచి

జోగారావుగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతారు. పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లాలన్నా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టక్ చేసుకుని మరీ వెళ్లే మనిషి. అలాంటాయన గుండెకు బైపాస్ చేయించుకుని ఎల్బీనగర్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూలో పడుకున్నారు. మంచం పక్కన మూత్రం సంచి వేలాడుతుంటే భార్య విజయదుర్గకు ప్రాణం ఉసూరుమనేది. ఆపరేషన్ బాగానే అయింది గానీ, కిడ్నీలు కాస్త మొరాయిస్తున్నాయి. గంటగంటకూ మూత్రం కొలవాలని గొట్టం ఉంచారు.

ఆ గొట్టం మామూలుది కాదు. లోపలుండే కొసలో ఒంటి వేడిని పసిగట్టే చిన్న ముక్క ఉంది. దాన్నుంచి సన్నని వైరు మానిటర్‌కు వెళ్తుంది.

"పైన ఒళ్లు సల్లగున్నా లోపల జరముంటే ఇది చెప్తదమ్మా," అని మొదటి రోజే చెప్పింది నర్సు సంధ్యారాణి. "గీ సంచి మాత్రం ఎప్పుడూ మంచం కంటె కిందనే ఉండాలె. పైకి లేపితే మూత్రం ఎనక్కి పోతది, ఇన్‌ఫెక్షన్ ఒస్తది."

విజయదుర్గ బుద్ధిగా తలూపింది. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు. సాయంత్రం తోటి లెక్చరర్లు చూడ్డానికి వచ్చేసరికి ఆవిడకు సిగ్గు ముంచుకొచ్చింది. నర్సు అటు తిరగ్గానే సంచిని కొక్కెం నుంచి తీసి, మంచం మీద ఆయన కాళ్ల మధ్య పెట్టి దుప్పటి కప్పేసింది. వాళ్లు వెళ్లాక మళ్లీ తగిలించింది. మర్నాడూ అంతే. ఈ కాసేపటికే ఏం మునిగిపోతుందిలే అనుకుంది. పైగా మొగుడి పరువు కాపాడానన్న తృప్తి ఒకటి, పిచ్చి తల్లికి.

మూడో రోజు వచ్చింది వియ్యాలవారు. కూతురు మృదులకు సంబంధం ఖాయమై నెల కూడా కాలేదు. అల్మాస్‌గూడలో టెంట్‌హౌస్ నడిపే సీతారాములు, ఆయన భార్య కౌసల్యమ్మ గ్లాసు తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి సంచి దుప్పటి కిందికి చేరిపోయింది.

వాళ్లు పలకరిస్తుండగానే మానిటర్ కూత పెట్టింది. సంధ్యారాణి పరుగున వచ్చి అంకె చూసింది.

"జరం నూటొకటి దాటింది."

విజయదుర్గ భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "లేదమ్మా, చల్లగానే ఉన్నారు. మీ మెషినే తప్పు చూపిస్తోందేమో?"

"మన చేతికి పైపైనే తెలుస్తది. ఇది లోపలి వేడి," అంటూ సంధ్యారాణి డాక్టరుకు ఫోన్ చేసింది. విని, పెట్టేసి, "ఛాతీ కుట్ల లోపల చీము పట్టిందేమో అంటున్నరు. ముందు స్కానింగ్ తియ్యాలె. అదే అయితే మళ్ల తెరవాల్సి ఒస్తది," అంది.

మళ్లీ తెరవడమా! విజయదుర్గ దుప్పటి వైపు చూసింది. అసలు సంగతి తెలిసింది ఈ గదిలో తనొక్కతెకే. చెబుదామంటే ఎదురుగా కొత్త వియ్యాలవారు. చెప్పకపోతే వీళ్లు ఆయన ఛాతీలో వెతుకుతారు. ఒక్క క్షణం కౌసల్యమ్మ వైపు చూసింది. పరువు పోతే పోయిందనుకుని దుప్పటి లాగి పడేసింది.

"కుట్లు కాదేమో సిస్టర్. నేనే చేశాను. మూడు రోజుల్నుంచీ ఎవరొచ్చినా దీన్ని పైన పెట్టి దాచేస్తున్నాను."

సంధ్యారాణి వెంటనే సంచిని కిందికి తగిలించి, మళ్లీ ఫోన్ అందుకుంది. విజయదుర్గ తల ఎత్తలేకపోయింది. కౌసల్యమ్మ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"గిందుకా వదినా గింత పరేషాన్? మా అత్తకు ఏడాది పొడుగూత గీ సంచి నేనే సూస్కున్న. మనోళ్ల ముంగట షరమేంది?"

డాక్టరు వచ్చి మూత్రం పరీక్షకు పంపారు. అందులోనే దొరికింది ఇన్‌ఫెక్షన్. మందు మొదలుపెట్టిన మర్నాటికి జ్వరం దిగడం మొదలైంది. కిడ్నీలు కూడా దారికొచ్చాయి కాబట్టి అవసరం లేని గొట్టం ఒక్క పూట కూడా ఉంచకూడదని తీసేయించారు. ఇక ఆయన తనంతట తాను మూత్రం పొయ్యాలి. మధ్యాహ్నానికల్లా రాకపోతే మళ్లీ గొట్టమే, మళ్లీ ఆ భయమే.

జోగారావుగారికా, నర్సు ఉంటే రాదు, పెళ్లాం ఉంటే రాదు. విజయదుర్గ తెర బయట నిలబడి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. చివరికి అన్నం క్యారియరు తెచ్చిన సీతారాములు నర్సునడిగి తెర లోపలికి వెళ్లాడు.

"బావగారూ, ఈడ ఆడోళ్లు ఎవ్వరు లేరు. సీసా నేను పట్టుకుంట, మొఖం అటు తిప్పుకుంట. మీరు నిమ్మళంగ కానియ్యుండ్రి."

కాసేపటికి వినిపించింది ఆ చప్పుడు. ముప్పయ్యేళ్ల కాపురంలో అంత కమ్మని చప్పుడు విజయదుర్గ విన్లేదంటే నమ్మాలి.

సంధ్యారాణి సీసా ఎత్తి కొలత చూసి నవ్వింది. "మంచిగొచ్చింది. ఇంక గొట్టం అక్కర్లేదమ్మా."

విజయదుర్గ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "నీ రుణం ఎలా తీర్చుకోనమ్మా..."

"మీరు ఆ దుప్పటి తియ్యకపోతే మేము ఇంకా ఛాతీలనే దేవులాడేటోళ్లం. మేమే మీకు థాంక్స్ చెప్పాలె."

వియ్యంకుడు చూస్తుండగానే విజయదుర్గ భోరుమని ఏడ్చేసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకోలేదు.