మంచు మందు

మా లైబ్రరీ బస్సు నడిపేది కౌకో. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేది నేను, నా పేరు ఎన్సియో. ఇద్దరికీ షుగరే. నాది మాత్రలకి లొంగింది. వాడిది లొంగలేదు.

లొంగకపోవడానికి కారణం ఊరందరికీ తెలుసు. మా సావో ప్రాంతపు పల్లెల్లో బస్సు ఆగిన ప్రతి చోటా ఎవరో ఒకరు ఫ్లాస్కులో కాఫీ, గుడ్డలో చుట్టిన యాలకుల బన్నులు పట్టుకుని ఎక్కుతారు. పుస్తకం తీసుకున్నా తీసుకోకపోయినా బన్ను మాత్రం పెట్టి వెళ్తారు. వద్దంటే ఆ ఇంటి బన్ను బాగోలేదన్నట్టే లెక్క. కౌకో కంటే ముందు ఈ బస్సు నడిపినాయన ఒకసారి కడుపునొప్పని చెప్పి తినలేదు. ఆయన పేరెత్తితే ఇప్పటికీ "బన్ను వద్దన్నాడు, ఆయనేనా?" అంటారు. ఆయన పోయి చాలా కాలమైంది.

అందుకని కౌకో ఆగిన చోటల్లా తినేవాడు. చివరికి డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ఈ ఏడాదిలో షుగరు దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాలి. అది మొదలైతే పెద్ద బండి లైసెన్సుకి మళ్ళీ పరీక్షలు, మళ్ళీ కాయితాలు. అవన్నీ తేలేదాకా కౌకో స్టీరింగు ముట్టుకోకూడదు. మునిసిపాలిటీ వాళ్ళు బస్సుని ఎత్తేయడానికి ఎప్పటినుంచో సాకు వెతుకుతున్నారు. డ్రైవరు లేకపోవడం కంటే మంచి సాకు వాళ్ళకి దొరకదు.

సరిగ్గా అప్పుడే పెద్దాసుపత్రిలో కొత్త మందు పరీక్షకి మనుషులు కావాలన్నారు. వారానికి ఒక సూది, పొట్టకి. కౌకో పేరిచ్చాడు. తోడుగా నేనూ వెళ్ళాను. తూయా అనే నర్సమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది.

"సగం మందికి అసలు మందు పడుతుందండీ. సగం మందికి లుమె. అంటే ఉత్తి సూది, అందులో మందు ఉండదు. ఎవరికి ఏది పడిందో నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు."

"మరి ఎవరికి తెలుసు?" అన్నాడు కౌకో.

"కంప్యూటరుకి."

"దానికి షుగరు ఉందా?"

"లేదండీ."

"అందుకే తెలిసినా అంత నిబ్బరంగా ఉంది," అన్నాడు కౌకో.

మొదటి సూది వేయించుకున్న మర్నాడే, మట్టిరోడ్డు మీద పోతుంటే వాడి మొహం పాలిపోయింది.

"కడుపులో తిప్పుతోందిరా."

"రోడ్డు అలాంటిది."

"ఈ రోడ్డు మీద ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నా. ఇది వేరే తిప్పుడు."

ఆ రోజు మొదటి స్టాపులో వాడు బన్ను వద్దన్నాడు. నేను పుస్తకాల అలమర వైపు తిరిగిపోయాను. "మందు ఒప్పుకోవడం లేదమ్మా," అన్నాడు. ఆవిడ గుడ్డ మళ్ళీ చుట్టుకుని, "మందు ఒప్పుకోకపోతే నువ్వేం చేస్తావులే," అని దిగిపోయింది. మనిషి వద్దంటే కోపం వస్తుంది గానీ మందు వద్దంటే ఎవరికీ రాదని మాకు ఆ రోజే తెలిసింది. మిగతా స్టాపుల్లోనూ అదే మాట చెల్లింది.

చివరి స్టాపు ఐలి పెద్దమ్మ ఇంటి ముందు. ఎనభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఆవిడకీ షుగరే, చెవి కూడా కొంచెం మందం. ఆవిడ బన్నులు మా రూట్లో అందరివాటికంటే పెద్దవి. కౌకో చెప్పింది రెండుసార్లు చెప్పించుకుని వింది.

"మందే వద్దందా?"

"మందే."

"సరే అబ్బాయ్. దానితో నాకు తగువులేదు," అని వాడి బన్నూ నా బన్నూ రెండూ నాకే పెట్టింది.

చలికాలం వచ్చేసరికి కౌకో ప్యాంటు జారడం మొదలైంది. షుగరు దిగింది. ఇన్సులిన్ మాట ఇప్పట్లో అక్కర్లేదంది డాక్టరమ్మ. మా షుగరు వాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో నేను వివరంగా రాశాను. ఫలానా కౌకోకి అసలు మందే పడింది, కడుపులో తిప్పడమే దానికి సాక్ష్యం, శాస్త్రం చాలా ముందుకెళ్ళింది, ఎవరూ అధైర్యపడొద్దు అని. చాలామంది బొటనవేలు పెట్టారు. ఒకాయన మాత్రం "ఒక్క మనిషిని చూసి మందు సంగతి చెప్పలేం" అని పెట్టాడు. ఆయనకి నేను జవాబివ్వలేదు.

మార్చి నెలలో పరీక్ష ముగిసింది. కొన్ని వారాల తర్వాత తూయా ఫోన్ చేసింది. అప్పుడు మేం చివరి స్టాపులో ఉన్నాం. ఐలి పెద్దమ్మ పుస్తకాలు తిరగేస్తోంది. కౌకో చేతుల్లో పెట్టెలున్నాయని ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"కౌకో గారూ, లెక్కలు తెరిచారండీ. మీకు పడింది లుమె మందు."

కౌకో పెట్టెలు కింద పెట్టాడు. "లుమె అంటే ఉత్తిది కదూ?"

"అవునండీ. షుగరు మాత్రం నిజంగానే దిగింది. అభినందనలు," అని పెట్టేసింది.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా భాషలో ఉత్తి మందుని లుమె అంటారు, మంచుని లుమి అంటారు. మధ్యలో తేడా ఒక్క అచ్చు. వినికిడి తక్కువైన వాళ్ళకి ఆ అచ్చు ఎటైనా పోతుంది.

ఐలి పెద్దమ్మ కళ్ళజోడు తీసింది. "ఏంటబ్బాయ్, నీకు ఎక్కించింది మంచు మందా?"

కౌకో నా వైపు చూశాడు. అవునుకీ కాదుకీ మధ్య మా సావో వాళ్ళకి చాలా చోటుంటుంది. వాడు అందులోకే వెళ్ళాడు.

"అలాంటిదే, పెద్దమ్మా."

ఆవిడ తలూపి, పోలీసు నవల ఒకటి తీసుకుని దిగిపోయింది. బస్సు కదిలాక నేను అడిగాను.

"మరి కడుపులో తిప్పింది?"

"అది నా సొంత తిప్పుడేనన్నమాట."

"షుగరు దిగింది?"

"బన్నులు మానానుగా."

"సూది లేనప్పుడు ఎందుకు మానలేదు?"

"సూది లేనప్పుడు వద్దనాల్సింది నేను కదరా."

నిజం బయటపడితే వచ్చే రూటు నుంచి గుడ్డలు విప్పుతారు. వీడు తింటాడు. వేసవికల్లా ఇన్సులిన్, ఆ వెనకాలే బస్సు. మంచు మందే అనుకోనీ, మంచు వల్ల ఎవరికీ ఏమీ కాదు అన్నాను నేను. సలహా ఇచ్చింది నేనే కాబట్టి ఆ మాట దాచడం లేదు.

రెండు వారాలకి మళ్ళీ ఆ రూటు వెళ్ళాం. అప్పటికే వార్త మాకంటే ముందు తిరిగొచ్చింది. ఒక స్టాపులో ఒకాయన, అది ఏ ఎత్తున పడ్డ మంచో అడిగాడు. బన్నులు మాత్రం ఎవరూ తేలేదు. కౌకో మొహం తేటగా ఉంది.

చివరి స్టాపులో ఐలి పెద్దమ్మ బస్సు మెట్లెక్కడానికే ఆయాసపడింది. చేతిలో పెద్ద గాజు సీసా, అందులో నీళ్ళు.

"అడవి వెనక కరగకుండా మిగిలిన మంచు. కుక్కలు తిరగని చోటు చూసి తెచ్చా," అంది. "సూది ఎవరేస్తారు నాకు? తాగుతున్నా."

"మాత్రలు?" అన్నాను.

"మానేశా. రెండూ ఎందుకు? వీడి సూది వార్త విన్న రోజే మానేశా. మంచు చూసుకుంటోందని బన్నులు కూడా భయం లేకుండా తింటున్నా. బాగా పనిచేస్తోంది అబ్బాయ్. ఎంత తాగినా ఇంకా దాహం వేస్తూనే ఉంటుంది."

ఆ దాహం మాకు బాగా తెలిసిన రోగమే. ఆవిడని కూర్చోబెట్టి నా మీటరు తీసి వేలికి పొడిచాను. దాని మీద పడ్డ అంకె నా జీవితంలో నాకెప్పుడూ రాలేదు. కౌకోకి చూపించాను. వాడు దాన్ని చాలాసేపు చూశాడు, చూస్తే తగ్గుతుందేమో అన్నట్టు. తర్వాత ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని గట్టిగా, ఒక్కో ముక్కా విడదీసి చెప్పాడు.

"పెద్దమ్మా, అది మంచు కాదు. లుమె. ఉత్తి సూది. అందులో మందు లేదు."

"మరి నీ షుగరు?"

"బన్నులు మానినందుకు దిగింది."

ఐలి పెద్దమ్మ సీసా మూత బిగించింది. "మందు ఒప్పుకోలేదన్నావు."

"మందు కాదు. నేనే వద్దన్నా."

"నా బన్నుని?"

"అందరి బన్నుల్నీ."

"నేనడిగింది నాదాని గురించి."

"నీదాన్ని కూడా, పెద్దమ్మా."

ఆవిడ నా వైపు తిరిగింది. "విన్నావా వీడి మాట?" నేను పుస్తకాల అట్టలు సరిచేస్తున్నాను.

ఆరోగ్య కేంద్రానికి బస్సులోనే తీసుకెళ్ళాం. దారిపొడుగునా నవలల అలమరకి ఆనుకుని కూర్చుంది. అక్కడ నర్సు మాత్రలు ఎందుకు మానేశారని అడిగితే వెంటనే చెప్పింది.

"లైబ్రరీ వాళ్ళు చెప్పారు."

నాలుగు రోజులు ఉంచుకుని, షుగరు దించి, మళ్ళీ మాత్రల మీద పెట్టి ఇంటికి పంపారు. ఇంటికి చేరగానే ఆవిడ ఫోను దగ్గర కూర్చుందట. తర్వాతి రూటుకి అందరికీ అంతా తెలిసిపోయింది. మొదటి స్టాపులోనే ఒకావిడ గుడ్డ విప్పి కౌకో ముందు పెట్టింది. యాలకుల వాసన బస్సంతా నిండింది.

"మందు అయిపోయిందటగా."

"అయిపోయింది," అన్నాడు కౌకో. "అయినా నాకొద్దు."

ఆవిడ గుడ్డ మళ్ళీ చుట్టుకుని, తీసుకోవాల్సిన పుస్తకం తీసుకోకుండా దిగిపోయింది. తర్వాతి స్టాపులో ఒకాయన, మీ అమ్మ చేస్తే తినేవాడివేగా అన్నాడు. తినేవాణ్ణి, అందుకే ఇలా అయ్యానన్నాడు కౌకో. ఆయనకి కూడా కోపమొచ్చింది.

చివరి స్టాపులో ఐలి పెద్దమ్మ ఫ్లాస్కుతో ఎక్కింది. మూడు కప్పుల్లో కాఫీ పోసింది. చేతిలో గుడ్డ లేదు. నాకు ఆశ చావక అడిగాను.

"బన్నులు చేయలేదా?"

"చేశా. ఇంట్లో ఉన్నాయి. అడిగితే తెద్దామని."

కౌకో కాఫీ తాగాడు. ఆవిడ వాడి మొహంలోకే చూస్తోంది.

"ఈసారి బాగా పొంగాయి," అంది.

"నీవి ఎప్పుడూ పొంగుతాయి."

"అడుగు మరి."

"అడగను, పెద్దమ్మా."

ఆవిడ ఖాళీ కప్పు వాడి చేతిలోంచి తీసుకుంది. "అడగవని తెలుసు. అయినా చేశా," అని, పోలీసు నవల తిరిగిచ్చేసి, దాని రెండో భాగం ఉందా అని నన్నడిగింది. ఉందన్నాను.